మిఖ్‌న్యూవ్: రెండు పగళ్లు, మధ్యలో ఒక రాత్రి

నిజ నిర్ధారణకు ఏదైనా ఊరు వెళ్లినప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు విచిత్రంగా అనిపిస్తుంది. ఆ రోజు తెల్లవారుజామున కుక్కలు ఎటువైపు మొరిగాయి? ఒకవైపే మొరిగితే బలగం ఒక దారిన వచ్చి ఊళ్లోకి దిగిందని అర్థం. నాలుగు దిక్కులా మొరిగితే ముందే ఊరిని చుట్టేశారన్నమాట. చుట్టేశారంటే అంతకుముందు ఎక్కడో ఒక గదిలో బల్ల మీద మ్యాప్ పరిచి, ఎంతమంది కావాలో లెక్కేసుకుని, బళ్లు సిద్ధం చేసుకుని, ఎవరు ఏ గట్టు మీద నిలబడాలో చెప్పుకుని మరీ బయల్దేరారు. ఆ తర్వాత ఏ అధికారి వచ్చి "మావాళ్లు కోపంలో చేశారండీ" అన్నా ఆ మాట నిలబడదు.

ఇక్కడ రాస్తున్న కేసు మనది కాదు, పోలండ్‌ది. ఊరి పేరు మిఖ్‌న్యూవ్ (వాళ్ల నోట చివరి అక్షరం ఫ్‌లా వినిపిస్తుంది, మనకు ఇది చాలు). తేదీలు 1943 జూలై 12, 13. రెండో ప్రపంచ యుద్ధకాలం, పోలండ్ హిట్లర్ జర్మనీ ఆక్రమణలో ఉంది. ఆ రెండు రోజుల్లో జర్మన్ బలగాలు ఊరిని తగలబెట్టి జనాన్ని చంపాయి. నేను ఆ ఊరు వెళ్లలేదు, నా పనంతా కాగితాల మీదే. అయినా కొత్తవాళ్లకు శిక్షణ ఇచ్చేటప్పుడు చాలా ఏళ్లుగా ఈ కేసే ముందు పెడుతున్నాను. మనవాటిల్లో ఏదైనా తీసుకుంటే గదిలో గొడవ తప్పదు. 1948 ఆగస్టులో రజాకార్లు, నిజాం పోలీసులు కలిసి బైరాన్‌పల్లి మీద పడ్డ సంగతి ఎత్తానంటే చాలు, ఐదు నిమిషాల్లో సగం మంది తాతల కాలం నాటి పార్టీల్లోకి వెళ్లి కూర్చుంటారు, ఇక వాస్తవాలు ఎవరికీ పట్టవు. పోలండ్ ఊరి విషయంలో ఎవరికీ చుట్టరికం లేదు కాబట్టి తల చల్లగా ఉంటుంది. కాసేపటికి వాళ్లే బైరాన్‌పల్లి దగ్గరికి వస్తారు, అది వేరే సంగతి.

ఈ కేసు ఎంచుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఇందులో ఒక చిక్కు ప్రశ్న ఉంది. దాన్ని దాటేసి రాసిన రిపోర్టు నాకు నచ్చదు, దానికి తప్పుడు జవాబు ఇచ్చిన రిపోర్టు అంతకన్నా నచ్చదు.

ఊరు, అడవి

పోలండ్ మధ్య భాగంలో కియెల్త్సె అనే నగరం ఉంది. దానికి ఉత్తరంగా సుఖెద్‌న్యూవ్ పట్టణం, దాని పక్కన మిఖ్‌న్యూవ్. చుట్టూ ష్వెంటొక్షిస్కె కొండలు. కొండలంటే మన తూర్పు కనుమల్లా ఊహించుకోవద్దు. పాతబడి అరిగిపోయిన చిన్న కొండలు, వాటి మీద దట్టమైన అడవి. కియెల్త్సె నుంచి స్కర్జిస్కో వైపు వెళ్లే రైలు మార్గం ఈ ప్రాంతం మీదుగానే పోతుంది. ఈ రెండూ, అంటే అడవీ రైలు పట్టాలూ, గుర్తు పెట్టుకోండి, మిగతా కథంతా వీటి మధ్యే నడుస్తుంది.

1943 వేసవిలో ఆ అడవిలో వికుస్ అనే గుట్ట దగ్గర హోమ్ ఆర్మీ గెరిల్లాల మకాం ఉండేది. హోమ్ ఆర్మీ అంటే లండన్‌లో ఉన్న ప్రవాస పోలిష్ ప్రభుత్వం కింద దేశం లోపల రహస్యంగా పనిచేసిన సైన్యం. ఆ దళాల నాయకుడు యాన్ పివ్‌నిక్. బ్రిటన్‌లో శిక్షణ పొంది, 1941 నవంబర్‌లో పారాచూట్‌తో పోలండ్‌లో దిగినవాడు. మారుపేరు పొనూరి. మన పొన్నూరుకీ దానికీ ఏ సంబంధమూ లేదు, వాళ్ల భాషలో "ముభావంగా ఉండేవాడు" లాంటి అర్థం. ఆ ప్రాంతంలో ఆ పేరుకి ఇప్పటికీ ఎంత గౌరవం ఉందంటే, 1944 జూన్‌లో తూర్పున ఎక్కడో యుద్ధంలో చనిపోయిన అతని అస్థికల్ని 1988లో తెచ్చి దగ్గర్లోని వహోత్స్క్ మఠంలో పెట్టుకున్నారు.

మిఖ్‌న్యూవ్ జనానికి ఈ అడవి దళంతో సంబంధం ఉంది. తిండి ఇచ్చారు, కబుర్లు మోశారు, ఊళ్లో కొందరు ఆ సంస్థలో ప్రమాణం చేసిన సభ్యులే.

ఈ మాట రాయడానికి కొత్తవాళ్లు జంకుతారు. శిక్షణలో ప్రతిసారీ ఇదే సీన్. డ్రాఫ్ట్ తెచ్చి చూపిస్తారు, మొదటి పేజీలోనే "గ్రామస్తులకు సాయుధులతో ఎలాంటి సంబంధమూ లేదు" అని ఉంటుంది. ఎక్కడ చూశారమ్మా అంటే, ఎక్కడా చూడలేదు, చనిపోయినవాళ్లకు మేలు జరుగుతుందని రాశామంటారు. ఆ వాక్యం చనిపోయినవాళ్లకే కీడు చేస్తుంది. రేపు ఎవరో ఒక పాత ఉత్తరమో, ఒక సాక్ష్యమో తెచ్చి "ఇదిగో, సంబంధం ఉంది" అని చూపిస్తే మీ రిపోర్టు మొత్తం కూలిపోతుంది. పైగా ఆ వాక్యంలో ఒక ఒప్పుకోలు దాగి ఉంది: సంబంధం ఉంటే చంపడం కొంచెం న్యాయమే అన్నట్టు. అన్నం పెట్టినందుకు ఒక మనిషిని విచారించొచ్చు, శిక్షించొచ్చు, ఆక్రమణ సైన్యం చట్టం ప్రకారం అది చెయ్యొచ్చో లేదో వాదించుకోవచ్చు. ఆ మనిషి వీధి మొత్తాన్ని కొట్టంలో పెట్టి తగలబెట్టడానికి మాత్రం ఏ చట్టంలోనూ చోటు లేదు. కాబట్టి సంబంధం ఉందని రాయండి. నిర్భయంగా రాయండి.

జర్మన్లకు ఈ సమాచారం ఎలా అందింది? గాలివాటంగా ఏమీ అందలేదు. పొనూరి దళంలోనే యెజీ వోయ్‌నోవ్‌స్కీ అనే లెఫ్టినెంట్ ఉండేవాడు, మారుపేరు మోటార్. అతను గెస్టాపో, అంటే హిట్లర్ రహస్య పోలీసుల, ఏజెంట్. ఈ ఊరి మీద దాడికి అతనిచ్చిన సమాచారంతో సంబంధం ఉందని పోలిష్ చరిత్రకారులు రాశారు. 1944 జనవరిలో గెరిల్లాలే అతన్ని పట్టుకుని మరణశిక్ష అమలు చేశారు. అప్పటికి ఊరు బూడిదై ఆరు నెలలు.

ఇంకో మాట కూడా ఇక్కడే చెప్పాలి. 1943 జూన్‌లోనే జర్మన్ పోలీసులందరికీ అధిపతి అయిన హిమ్లర్ ఆ ఆక్రమిత ప్రాంతం మొత్తాన్ని, అంటే జర్మన్లు "జనరల్ గవర్నమెంట్" అని పిలిచిన మధ్య పోలండ్‌ని, "ముఠాలతో పోరాటం జరిగే ప్రాంతం"గా ప్రకటించాడు. ఆ భాష చూడండి. గెరిల్లాలని ముఠాలు అన్నాక వాళ్లకు అన్నం పెట్టినవాళ్లు ముఠాకు ఆశ్రయమిచ్చినవాళ్లు అయిపోతారు, ఇక ఊరు ఊరుగా కనబడదు, ఒక స్థావరంగా కనబడుతుంది. ఇలాంటి దాడికి జర్మన్ పోలీసు భాషలో ఉన్న పేరుకి అర్థం "శాంతింపజేయడం". పోలిష్‌లో ఇప్పటికీ అదే మాట వాడతారు, పత్సిఫికాత్స్యా అని. కాకపోతే ఇప్పుడు ఆ మాట వింటే అక్కడి ముసలివాళ్లకు గుర్తొచ్చేది పొగ. తెలుగులో ఏం రాయాలని నేను చాలాసార్లు తన్నుకులాడాను. "శాంతిచర్య" అని రాస్తే నిందితుడి మాట మనం మోసినట్టవుతుంది. "ప్రతీకార దాడి" అంటే నయమే కానీ అందులోనూ ఒక మెలిక ఉంది. ప్రతీకారం అనగానే "ముందు వాళ్లేదో చేశారు కదా" అని చదివేవాడి మనసు ముందే ఒక మెట్టు ఎక్కేస్తుంది. ఆఖరికి "ఊరిని తగలబెట్టడం" అని రాయడం మొదలుపెట్టాను.

మొదటి పగలు

జూలై 12 తెల్లవారుజామున ఊరిని చుట్టేశారు. చుట్టుపక్కల పట్టణాల నుంచి జెండార్మరీ (పల్లెలు, చిన్న పట్టణాల మీద ఉండే జర్మన్ పోలీసు), ఇతర పోలీసు దళాలు, గెస్టాపో మనుషులు. ఒక్క స్టేషన్ సిబ్బందితో అయ్యే పని కాదది, పలుచోట్ల నుంచి జనాన్ని కూడగట్టాలి. మన కుక్కల ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరికింది.

ఊళ్లోకి వచ్చాక ఇల్లిల్లూ తిరిగి మగవాళ్లను బయటికి లాగారు. కొంతమందిని పక్కకు తీసి పట్టుకుపోయారు, వాళ్లలో కొందరు ఆష్‌విట్జ్ నిర్బంధ శిబిరానికి చేరారు. మిగిలినవాళ్లను గుంపులుగా గడ్డికొట్టాల్లోకి తోలి, కాల్చి, కొట్టాలకు నిప్పు పెట్టారు. ఇంకొందరిని ఇళ్ల దగ్గరే కాల్చేశారు. ఆ రోజు చనిపోయినవాళ్లు ఎక్కువగా మగవాళ్లే, అయితే ఆడవాళ్లూ పిల్లలూ కూడా ఉన్నారు.

కొట్టం దగ్గర ఒక్క నిమిషం ఆగుదాం. పోలిష్ పల్లెల్లో దాన్ని స్తొదొవా అంటారు. చెక్క పలకలతో కట్టింది, పైన గడ్డో చెక్కో కప్పు, లోపల ఎండుగడ్డి, పైరు కోశాక ధాన్యపు మోపులు. బండి లోపలికి వెళ్లేంత పెద్ద తలుపు, కిటికీలు ఉండవు. మన పల్లెల్లో గొడ్ల కొట్టానికీ గడ్డివాముకీ మధ్యస్తంగా ఉంటుందనుకోండి. ఇప్పుడు చంపేవాడి లెక్క చూడండి. గొయ్యి తవ్వనక్కర్లేదు. తలుపు దగ్గర ఇద్దరు తుపాకులతో నిలబడితే లోపల ఎంతమంది ఉన్నా బయటికి రాలేరు. తూటాలు కలిసొస్తాయి. అన్నిటికీ మించి, శవాలు గుర్తుపట్టడానికి మిగలవు, లెక్కపెట్టడానికి కూడా మిగలవు. యూరప్‌లో ఆ యుద్ధకాలంలో తగలబెట్టిన ఊళ్లు ఏ దేశంలోవి తీసుకున్నా కొట్టం మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. ఇదేదో క్రూరమైన మనసున్న ఒక ఆఫీసరుకి అప్పటికప్పుడు తట్టిన ఆలోచన కాదు, పద్ధతిగా అలవాటైన పని. పద్ధతి కనిపించిన చోట రిపోర్టులో "పద్ధతి" అనే మాటే రాయాలి, విశేషణాలు వద్దు. కిరాతకం, పైశాచికం, అమానుషం లాంటి మాటలు నా దగ్గరికి వచ్చే ప్రతి డ్రాఫ్ట్‌లో డజను ఉంటాయి, అన్నీ కొట్టేస్తాను. కొట్టం తలుపు ఎటు తెరుచుకుంటుందో రాస్తే చాలు.

సాయంత్రానికి జర్మన్లు వెళ్లిపోయారు.

రాత్రి

అడవిలోని దళానికి కబురు అందింది, బయల్దేరారు, కానీ వాళ్లు చేరేసరికి చెయ్యగలిగింది ఏమీ లేదు. కాలిన కొట్టాలు, వాటి చుట్టూ ఆడవాళ్లు. ఆ గెరిల్లాల్లో ఈ ఊళ్లో కంచం ముందు కూర్చుని తిన్నవాళ్లున్నారు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు, చేతిలో తుపాకీ ఉంది, ఎదురుగా బూడిద. అదే రాత్రి వాళ్లు రైలు మార్గం దగ్గరికి వెళ్లి, వోంచ్నా దగ్గర, క్రాకూవ్ నుంచి వార్సా వెళ్లే రైలును ఆపి, జర్మన్లున్న బోగీల మీద కాల్పులు జరిపారు. అవతలివాళ్లు కొందరు చనిపోయారు, కొందరు గాయపడ్డారు. వెళ్లిపోయే ముందు బోగీల మీద రెండు మాటలు రాశారు: "జా మిఖ్‌న్యూవ్". మిఖ్‌న్యూవ్‌కి బదులు.

మర్నాడు, జూలై 13న, జర్మన్లు మళ్లీ వచ్చారు.

ఈసారి ఏరడం లేదు. ఎవరు దొరికితే వాళ్లు. ఆడవాళ్లు, పిల్లలు, మిగిలిపోయిన ముసలివాళ్లు. ఇళ్లు దోచి నిప్పు పెట్టారు. చనిపోయినవాళ్లలో అందరికన్నా చిన్నవాడి వయసు తొమ్మిది రోజులు, ఆ బిడ్డని మంటల్లోకి విసిరేశారు.

రాత్రికి రాత్రే అడవిలోకి, పక్క ఊళ్లకి పారిపోయినవాళ్లు బతికారు. మరి మిగిలినవాళ్లు ఎందుకు ఉండిపోయారు? క్లాసులో ప్రతిసారీ ఎవరో ఒకరు కాస్త చిరాగ్గానే అడుగుతారు ఇది. పల్లెటూరిలో పుట్టినవాళ్లు మాత్రం అడగరు. ఆవు ఈనేలా ఉంటే ఎలా వదిలిపెడతారు, భర్త ఎముకలు ఇంకా వేడిగా కొట్టంలో ఉంటే ఎవరు ఏరుతారు, చంటిబిడ్డని ఎత్తుకుని రాత్రిపూట అడవిలో ఎంత దూరం నడుస్తారు. పైగా మనిషి బుర్ర ఎలా పనిచేస్తుందంటే, అయ్యింది కదా, ఇంతకన్నా ఏం చేస్తారు అనుకుంటుంది. నేను వెళ్లిన ఊళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో, "ఒకసారి వచ్చిపోయారు కదా సార్, మళ్లీ రారనుకున్నాం."

చిక్కు ప్రశ్న

రైలు మీద దాడి చెయ్యకపోతే ఆ ఆడవాళ్లూ పిల్లలూ బతికి ఉండేవాళ్లా?

ఈ ప్రశ్న అడగడమే తప్పు అనేవాళ్లున్నారు, ముఖ్యంగా గెరిల్లాలంటే అభిమానం ఉన్నవాళ్లు. తప్పేమీ కాదు. పోలండ్‌లో వాళ్లలో వాళ్లే ఎప్పటి నుంచో వాదించుకుంటున్నారు. హోమ్ ఆర్మీ పైస్థాయిలో ఆ రోజుల్లోనే ఈ టెన్షన్ ఉంది. మనం ఒక దెబ్బ కొడితే వాళ్లు పది ఊళ్ల మీద తీర్చుకుంటారు, కాబట్టి పెద్ద తిరుగుబాటు సమయం వచ్చేదాకా బలం దాచుకోవాలా, లేక ఇప్పుడే కొట్టి జనంలో ధైర్యం నిలబెట్టాలా అని. పొనూరి రెండో రకం మనిషి. పైవాళ్లతో అతనికి పడలేదు, కొన్ని నెలల్లోనే అతన్ని ఆ దళాల నాయకత్వం నుంచి తప్పించారు.

దీని ముందు కొత్తవాళ్లు చేసే పొరపాటు ఎప్పుడూ ఒకటే: సగం సగం పంచేస్తారు. "ఇరువర్గాల చర్యల మధ్య గ్రామస్తులు నలిగిపోయారు" అని. బ్యాలెన్స్‌గా ఉంటుందని వాళ్ల నమ్మకం. నాకు ఈ "నలిగిపోయారు" అనే మాట వింటే ఒళ్లు మండుతుంది. రాయీ రాయీ తగిలితే మధ్యలో పప్పు నలుగుతుంది. ఇక్కడ ఎవరూ నలగలేదు. ఒక పోలీసు లారీ ఎక్కి వచ్చాడు, దిగాడు, ఒక ఇంటి తలుపు తన్నాడు, లోపలున్న ఆడమనిషిని చూశాడు, కాల్చాడు. తర్వాత పక్కింటికి వెళ్లాడు.

నేను చెప్పే పద్ధతి ఇది. రిపోర్టులో కారణానికి ఒక కాలమ్ పెట్టండి, బాధ్యతకి ఇంకో కాలమ్ పెట్టండి, ఒకదానిలోది ఇంకొకదానిలోకి రానివ్వకండి. కారణం కాలమ్‌లో రైలు దాడి కచ్చితంగా ఉండాలి, టైమ్‌తో సహా. దాచిపెడితే రిపోర్టు అబద్ధం అవుతుంది. బాధ్యత కాలమ్‌లో మాత్రం ఉత్తర్వు ఇచ్చినవాడు, దాన్ని అమలు చేసినవాడు, అంతే. పొనూరి తొందరపడ్డాడా, బతికున్న ఆడవాళ్లను ముందు ఊరి నుంచి తరలించి ఉండాల్సిందా అన్నది నాయకుడిగా అతని విజ్ఞతకి సంబంధించిన ప్రశ్న. నా అభిప్రాయం అడిగితే, తరలించి ఉండాల్సింది. ఆ రాత్రి రైలు పట్టాలకు వెళ్లిన బలం ఊరి వైపు ఇంకో నాలుగు గంటలు ఉండి ఉంటే బాగుండేదని ఇక్కడ కుర్చీలో కూర్చుని నాకు అనిపిస్తుంది. కానీ అది విజ్ఞత లెక్క, నేరం లెక్క కాదు. రెంటినీ ఒకే తక్కెడలో వెయ్యడం కుదరదు.

అయినా రైలు మీదే మొత్తం భారం పెడితే ఇంకో చిక్కు వస్తుంది: మొదటి రోజుకి జవాబు లేదు. రైలు దాడికి ముందే ఊరిని చుట్టేశారు, కొట్టాలు తగలబెట్టారు.

ఇంకా వెనక్కి వెళ్లండి. 1939 డిసెంబర్ 26 రాత్రి వార్సా పక్కన వావెర్‌లో ఒక సారా దుకాణంలో ఇద్దరు జర్మన్ సైనికుల్ని ఇద్దరు నేరగాళ్లు కాల్చి చంపారు. ప్రతిఘటన కాదు, ఉద్యమం కాదు, పోలీసులకు తెలిసిన పాత నేరస్తులు. తెల్లారేసరికి ఆ చుట్టుపక్కల ఇళ్ల నుంచి మగవాళ్లను పక్క మీంచి లాక్కొచ్చి, 107 మందిని కాల్చేశారు. దుకాణం యజమానిని తన తలుపు దగ్గరే ఉరితీశారు. అప్పటికి అక్కడ చెప్పుకోదగ్గ గెరిల్లా ఉద్యమమే లేదు. ఆ మరుసటి ఏడాది మార్చి, ఏప్రిల్‌లో, "హుబాల్" అనే మారుపేరుతో ఇంకా యూనిఫామ్ విప్పకుండా తిరుగుతున్న మేజర్ హెన్రిక్ దొబ్జాన్‌స్కీ దళానికి సాయం చేశారని కియెల్త్సె ప్రాంతంలోనే వరసగా ఊళ్ల మీద పడి మొత్తం 700 మందికి పైగా చంపారు. ఒక్క స్క్వోబీ అనే ఊళ్లోనే, 1940 ఏప్రిల్ 11న, 200కు పైగా మగవాళ్లు. మిఖ్‌న్యూవ్‌కి మూడేళ్ల ముందు. అంటే ఆ జిల్లా పల్లెల్లో ప్రతి ఒక్కరికీ తెలుసు, అడవిలోని మనిషికి రొట్టె ఇస్తే ఏమవుతుందో. తెలిసీ ఇచ్చారు. ఈ ఒక్క వాక్యం రాయడానికే స్క్వోబీ సంగతి ఫైల్లోకి తీసుకొస్తాను నేను.

తూర్పున జమోష్చ్ ప్రాంతంలో ఇంకో రకం. అక్కడ 1942 నవంబర్ నుంచి 1943 ఆగస్టు దాకా 300 దాకా ఊళ్ల నుంచి లక్షా పది వేల మంది పోలిష్ రైతుల్ని ఖాళీ చేయించారు, వాళ్లలో 30,000 మంది పిల్లలు. జర్మన్ సెటిలర్లకు భూములివ్వాలని. ఆ గొడవల్లోనే 1943 జూన్ 1న సోహీ అనే ఊరిని తగలబెట్టారు, పొలాల్లోకి పరిగెత్తేవాళ్ల మీద విమానాల నుంచి కూడా దాడి చేశారు. ఒక చోట నేరగాళ్లు నెపం, ఒక చోట మేజర్, ఒక చోట సెటిలర్లు, ఒక చోట రైలు. నెపాలు మారుతున్నాయి, కొట్టం మారట్లేదు.

చట్టం సంగతి, తొందరగా

"అప్పట్లో అలాంటి చట్టాలు లేవు కదా" అనేది అందరూ అనే మాట. ఉన్నాయి. 1907 హేగ్ నిబంధనల్లో 50వ అధికరణం స్పష్టంగా చెబుతుంది, కొందరు వ్యక్తులు చేసిన పనికి జనం మొత్తం ఉమ్మడిగా బాధ్యులని చెప్పలేనప్పుడు వాళ్ల మీద సామూహిక శిక్ష విధించకూడదని. జర్మనీ దానికి కట్టుబడిన దేశం. యుద్ధం తర్వాత నాజీ నాయకుల్ని విచారించిన న్యూరెంబర్గ్ ట్రిబ్యునల్ చార్టర్‌లో ఊళ్లను, పట్టణాలను నిష్కారణంగా ధ్వంసం చేయడం యుద్ధ నేరాల జాబితాలో ఉంది. జనరల్ గవర్నమెంట్‌ని పాలించిన హాన్స్ ఫ్రాంక్‌ని 1946 అక్టోబర్ 16న ఉరితీశారు. 1949 నాలుగో జెనీవా ఒప్పందం 33వ అధికరణంలో సామూహిక శిక్షల్నీ పౌరుల మీద ప్రతీకార చర్యల్నీ పూర్తిగా నిషేధించారు. ఈ మధ్యలో ఒక మచ్చ కూడా ఉంది, దాన్ని దాచకూడదు: బాల్కన్లలో బందీలను చంపిన జర్మన్ జనరల్స్ మీద అమెరికన్లు నడిపిన కేసులో, 1948 తీర్పు ఆ నిందితుల్ని శిక్షిస్తూనే, కొన్ని షరతులు పాటిస్తే బందీలను చంపడం చట్టబద్ధం కావొచ్చని ఒక తలుపు తెరిచి పెట్టింది. మరుసటి ఏడాది జెనీవాలో ఆ తలుపు మూసేశారు.

శిక్షల విషయానికొస్తే, వావెర్‌లో ముఖ్య బాధ్యుల్లో ఒకడైన మాక్స్ దౌమె పోలండ్ కోర్టులో దొరికాడు, 1947 మార్చిలో ఉరి. అలా దొరికినవాళ్లు తక్కువ. ఊళ్లు తగలబెట్టిన మామూలు పోలీసుల్లో చాలామంది యుద్ధం తర్వాత ఇంటికెళ్లి పెన్షన్ వయసు దాకా బతికారు.

లెక్క

ఇక చనిపోయినవాళ్ల సంఖ్య. కనీసం 204. మగవాళ్లు 102, ఆడవాళ్లు 54, పిల్లలు 48.

ఆ "కనీసం" అనే మాటని కొత్తవాళ్లు కొట్టేస్తుంటారు, వాక్యం బలహీనంగా ఉందని. కొట్టెయ్యకండి. కొట్టంలో కాలిపోయిన చోట శవాల లెక్క దొరకదు, పేర్ల లెక్కే దొరుకుతుంది. పేర్ల లెక్క అంటే బతికినవాళ్లు గుర్తు తెచ్చుకుని చెప్పింది, చర్చి రిజిస్టర్లలో ఉన్నది. ఆ రోజు చుట్టపుచూపుగా వచ్చినవాడు, పట్నం నుంచి తిండి గింజలు కొనుక్కుపోవడానికి వచ్చినవాడు ఆ జాబితాలో ఉండడు. కుటుంబం మొత్తం పోతే చెప్పేవాడే ఉండడు. కాబట్టి పేర్ల లెక్క ఎప్పుడూ కింది గీత. నేను వెళ్లిన చోట్ల ఎన్నోసార్లు చూశాను, ఊరిపెద్ద చెప్పే సంఖ్య ఎక్కువుంటుంది, అధికారి చెప్పేది తక్కువుంటుంది, రెండూ పక్కన పెట్టి గడప గడపకూ వెళ్లి పేరు, వయసు, తండ్రి పేరు రాసుకుంటే వచ్చేదే నిలబడుతుంది. 204 అలాంటి సంఖ్య. ఆడవాళ్లూ పిల్లలూ కలిపి 102, మగవాళ్లు 102. ఆ సమానత్వం యాదృచ్ఛికమే, దాన్నుంచి ఏ అర్థమూ లాగొద్దు. కానీ 48 మంది పిల్లలనే వరస దగ్గర మాత్రం ఆగండి. ముఠాలతో పోరాటం అనే మాట ఆ వరస దగ్గరికొచ్చేసరికి చచ్చిపోతుంది.

చెక్ దేశంలోని లిదిత్సె గురించి ప్రపంచానికి తెలుసు, మిఖ్‌న్యూవ్ గురించి తెలీదు, ఎందుకు? ఒక కారణం చాలా సాదాది. 1942 జూన్‌లో లిదిత్సెని నాశనం చేశామని జర్మన్లే రేడియోలో చాటుకున్నారు, కాబట్టి వార్త ప్రపంచమంతా పాకింది, ఎన్నో దేశాల్లో ఊళ్లకూ వీధులకూ ఆ పేరు పెట్టుకున్నారు. పోలండ్‌లో అలాంటి ఊళ్లు ఒకటీ రెండూ కాదు, తగలబెట్టినవీ జనాన్ని చంపినవీ 817 అని అక్కడ తరచుగా చెప్పే లెక్క. ఎనిమిది వందల్లో ఒకటి అయ్యేసరికి ఏ ఒక్కటీ గుర్తుండదు. యుద్ధం తర్వాత వచ్చిన కమ్యూనిస్టు ప్రభుత్వానికి హోమ్ ఆర్మీ అంటే గిట్టదు, ఆ సైనికుల్లో చాలామందిని జైళ్లలో పెట్టారు, కాబట్టి "ఈ ఊరు ఎవరికి అన్నం పెట్టి చనిపోయింది" అన్న సంగతి గట్టిగా చెప్పుకోవడానికి కూడా చాలా కాలం వీల్లేకపోయింది.

ఇప్పుడు అక్కడ పోలిష్ పల్లెలన్నిటి తరఫునా ఒక స్మారక మ్యూజియం ఉంది, 2021లో తెరిచారు. వాస్తుశిల్పి మిరోస్వావ్ నిజియో. ఫొటోల్లో చూస్తే, పొడవాటి కాంక్రీటు ఇల్లు, ఒక చివర నిండుగా మొదలై ముందుకు పోయేకొద్దీ ముక్కలు ముక్కలుగా విరిగి తెరుచుకుపోతుంది. కాంక్రీటు మీద చెక్క పలకల అచ్చు. కొట్టం గోడ అన్నమాట. జూలై 12ని పోలిష్ పల్లెల పోరాట, బలిదాన దినంగా పాటించాలని 2017లో చట్టం చేశారు, అప్పటి నుంచి ఏటా పాటిస్తున్నారు.

శిక్షణ చివర్లో మావాళ్లకి ఇచ్చే ప్రశ్న ఒకటుంది. ఊరు కాలింది జూలై మధ్యలో. ఆ ఊరిని తిరిగి కట్టకూడదని, ఆ భూములు దున్నకూడదని జర్మన్లు నిషేధం పెట్టారు. ఆ దేశంలో రై అనే ధాన్యం కోతలు మొదలయ్యేది జూలై చివర్లో. అంటే జనం చనిపోయే నాటికి వాళ్లు వేసిన పంట చేలల్లో పండి నిలబడి ఉంది. ఆ పంట ఎవరు కోశారు? ఈ ప్రశ్నని ఇప్పటిదాకా ఏ బ్యాచ్‌లోనూ ఎవరూ తమంతట తాము రాసుకుని రాలేదు. ఊరు వెళ్లినప్పుడు చివర్లో, నీళ్లు తాగి లేవబోతూ, అక్కడున్న ముసలావిడని ఇదే అడగండి: అమ్మా, ఆ ఏడు మీ చేను ఎవరు కోశారు? దాడి గురించి రెండు గంటలు అడిగినా ఆవిడ చెప్పని పేర్లు ఆ ఒక్క జవాబులో బయటికొస్తాయి.